ఖాళీగా ఇవ్వని ఫోను

ఎస్తేరు ఫోన్లో చుక్కలు రావడం మానేశాయి.

అంతకుముందు ఏ సైటు తెరిచినా, పాస్‌వర్డ్ గడి మీద వేలు పెట్టగానే ఒక వరస నల్ల చుక్కలు వాటంతటవే వచ్చి కూర్చునేవి. కింద మీట నొక్కితే లోపలికి పోనిచ్చేది. ఆ చుక్కల వెనక ఏ అక్షరాలున్నాయో ఎస్తేరుకి తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడూ అనిపించలేదు. దరఖాస్తు పెట్టిన రోజున ఫోనే ఏదో పొడుగాటి పాస్‌వర్డ్ చూపించి, ఇది పెట్టమంటావా, దాచమంటావా అని అడిగింది. అడిగినవాళ్లని కాదనడం ఎస్తేరుకి చేతకాదు. సరే అని నొక్కేసింది.

ఇప్పుడు ఆ గడి మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా బోసిగానే ఉంటోంది. ఏ కూరగాయల యాప్‌లోనో ఇలా జరిగి ఉంటే రెండు తిట్లు తిట్టి ఊరుకునేది. కానీ ఆ గడి వెనక ఉన్నది ప్రభుత్వ స్టాఫ్ నర్సు పరీక్ష అడ్మిట్ కార్డు. పరీక్ష రేపు, ఆదివారం పొద్దున్న, నయా రాయపూర్‌లో. కార్డు తీసుకోవడానికి గడువు ఈ సాయంత్రం వరకే. కార్డు లేనిదే గేటు లోపలికి రానివ్వరు. పైగా వయసు లెక్కన చూస్తే ఆమెకి ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు.

పర్మినెంటు అనే మాట విలువ తెలియాలంటే రాయపూర్ వ్యాగన్ రిపేర్ షాపు కాలనీలో పుట్టాలి. ఎస్తేరు తండ్రి దానియేలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, రైలు వ్యాగన్లు బాగుచేసే ఆ కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. చేరాడంటే, పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే పని ఉన్న రోజు లోపలికి పిలిచేవారు, లేని రోజు పొమ్మనేవారు. అలా ఏళ్ల తరబడి నిలబడ్డాక ఒకనాడు ఆయన్ని పర్మినెంటు చేశారు. ఆ సాయంత్రం మనిషి ఇంటికొచ్చి కుదురుగా కూర్చోలేదు. కూతుర్ని వెంటబెట్టుకుని, కాలనీలో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగి తలుపు తట్టి మరీ చెప్పాడు. సంబరంలో కొన్ని ఇళ్లకి రెండోసారి కూడా వెళ్లాడని తల్లి సూరమ్మ బతికున్నన్నాళ్లూ ఎగతాళి చేసేది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ పిల్లదాని చేతిలో ఏదో ఒకటి పెట్టారు. అందుకని పర్మినెంటు అంటే తినే వస్తువేమోనని ఎస్తేరు చాలాకాలం అనుకుంది.

అన్న శామ్సన్‌కి కూడా అదే కార్ఖానాలో ఉద్యోగం దొరికింది. అదీ పర్మినెంటే. ఎస్తేరు మాత్రం నర్సింగు చదివి, బీర్‌గావ్‌లో ఒక చిన్న నర్సింగ్ హోములో చేరింది. పక్కనున్న ఉర్లా ఫ్యాక్టరీల్లో వేలు నలిగినవాళ్లు, కంట్లో ఇనుపరజను పడ్డవాళ్లు అక్కడికే వస్తారు. కుట్లు వేస్తున్నంతసేపూ వాళ్ల చేత వాళ్ల ఊరి కబుర్లు ఛత్తీస్‌గఢీలో చెప్పిస్తూ, మధ్యమధ్య తనూ ఒక మాట వేస్తూ, నొప్పి సంగతి మరిపించడం ఆమె పద్ధతి. ఒకసారి కట్టు కట్టించుకున్నవాడు మళ్లీ దెబ్బ తగిలితే ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని వస్తాడు. ఇంత మంచి పేరున్నా యజమాని ప్రతి ఏడూ ఒకే మాట అంటాడు: "ఈ ఏడాదికి ఉండండి సిస్టర్." ఆమె ఉంటుంది. ఈ మధ్యలో కిరణ్‌తో పెళ్లయింది, బీర్‌గావ్‌లో కాపురం పెట్టింది, జుట్టులో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. ఇన్నేళ్లూ ఆమె ఈ ఏడాదికి మాత్రమే ఉండే మనిషి.

తండ్రిలాగే తనూ ఒక్కసారి ఆ కాలనీ అంతా తిరిగి తలుపులు తట్టాలని ఆమెకి గట్టి కోరిక. నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు. పరీక్ష సంగతి కూడా భర్తకి తప్ప మరొకరికి తెలియదు.

అడ్మిట్ కార్డు వచ్చిందని బుధవారం ఫోనుకి మెసేజీ వచ్చింది. అప్పట్నుంచి మొదలైంది తంటా. ముందు అద్దం తుడిచింది. వేలు చెమటగా ఉందేమోనని పమిటతో వేలు తుడుచుకుంది. ఫోను ఆపి మళ్లీ వేసింది. పాస్‌వర్డ్ మరిచిపోయాను అన్న చోట నొక్కితే, మార్చుకునే లింకు మీ మెయిల్‌కి పంపాం అంది సైటు. మెయిలు తెరవబోతే, ముందు మీ పాస్‌వర్డ్ చెప్పండి అంది మెయిలు. తాళంచెవి పెట్టెలో ఉంది, ఆ పెట్టెకి ఇంకో తాళం ఉంది. శుక్రవారం నాటికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. తన పేరు, పుట్టిన సంవత్సరం, కిరణ్ పేరు, తల్లి పేరు, తోచినవన్నీ వరసగా కొట్టి చూసింది. చాలాసార్లు తప్పు చెప్పారు, కాసేపు ఆగి రండి అని సైటు ఆమెనే మందలించింది.

భన్‌పురిలో ఫోన్లు బాగుచేసే దుకాణానికి కిరణ్ తీసుకెళ్లాడు. అక్కడి మనిషి ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తే అంతా ఠీక్ అయిపోద్ది" అన్నాడు. తుడిచేయడం అన్న మాట వినగానే ఎస్తేరు అతని చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేసింది.

శనివారం పొద్దున్న డ్యూటీలో ఉండగా మల్లేశ్వరరావు వచ్చాడు. ఆయన రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ప్రతి శనివారం బీపీ చూపించుకోవడానికి వస్తాడు. వచ్చి, బీపీ కన్నా ఎక్కువసేపు కబుర్లే చూపించుకుని వెళతాడు.

"నా బీపీ తరవాత చూద్దువుగాని, ముందు నీదెంతుందో చూసుకోమ్మా" అన్నాడు ఆమె మొహం చూసి. "ఏటయింది?"

ఎస్తేరు ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. ఆయన కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదకి దించుకుని ఫోను పట్టుకున్నాడు. సెట్టింగుల్లోకి వెళ్లాడు. పాస్‌వర్డ్‌లు నింపే సదుపాయం వేసే ఉంది. దాన్నొకసారి ఆపి మళ్లీ వేశాడు. లాభం లేకపోయింది. అప్పుడు ఇంకాస్త కిందికి జరిపి ఒక చోట ఆగాడు. అక్కడ చిన్న ఎర్ర గుర్తు ఉంది.

"ఫోను బాగానే ఉందమ్మా. నువ్వు దాచినవి ఫోనులో లేవు, ఈ మెయిల్ అకౌంట్లో ఉన్నాయి. ఈ అకౌంటు పాస్‌వర్డ్ ఎవరో మార్చీసేరు. కొత్తది చెప్తే గాని నీవి నీకు చూపించదు." ఆయన కళ్లజోడు పైకెత్తాడు. "ఈ సుప్రియ ఎవరు?"

ఎస్తేరు తెర మీద ఆ పేరు చూసింది.

"మా వదిన. ఈ ఫోను ఆవిడిదే బాబాయ్. కొత్తది కొనుక్కుని ఇది నాకిచ్చింది."

"ఇచ్చినప్పుడు ఖాళీ చేసి ఇవ్వలేదా?"

"ఖాళీగా ఎలాగిస్తాది?" అంది ఎస్తేరు.

మల్లేశ్వరరావుకి ఆ జవాబు చాలింది. ఆయనదీ తెలుగు ఇల్లే. పక్కింటివాళ్లు గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె కడిగి ఉత్తదిగా తిరిగి ఇవ్వడం ఆయన ఇంట్లో కూడా లేదు. అందులో కాస్త పంచదారైనా పోసి పంపుతారు. సుప్రియ ఆ లెక్కనే ఫోను ఇచ్చింది. కొత్త ఫోను కొన్నప్పుడు దుకాణంలో, పాతది ఎవరికన్నా ఇచ్చేట్టయితే అంతా తుడిచి ఇవ్వండి మేడమ్ అని చెప్పారట. ఆడబడుచుకి ఉత్త డబ్బా ఇస్తానా అని సుప్రియ నవ్విందట. తుడవలేదు సరికదా, ఒక సాయంత్రం కూర్చుని ఇంకా నింపింది. పాస్టరుగారి నంబరు, గ్యాసు నంబరు, కాలనీలో తెలుగువాళ్లందరి నంబర్లు, చర్చి పాటల బాణీలు, పిల్లల ఫోటోలు అందులో పెట్టింది. అత్తగారు సూరమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చుని, "ఏటే ఆ డబ్బా నా మొకం మీద, తియ్యి" అని కెమెరాని తిట్టే వీడియో కూడా అందులోనే ఉంది. తుడిచేస్తానన్న మాటకి భన్‌పురిలో ఎస్తేరు అదిరిపడింది అందుకే.

అందులో సుప్రియ మెయిల్ అకౌంటు కూడా ఉండిపోయింది. ఎస్తేరు దాన్ని చూడలేదని కాదు. చూసింది. ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టు ఫోనుకి మెయిల్ అడ్రసు ఉంటుందనుకుంది. ఇల్లు చేతులు మారితే డోర్ నంబరు మారదు కదా. దరఖాస్తులో మెయిల్ అని అడిగిన చోట ఫోను తనంతట తనే ఆ అడ్రసు నింపేస్తే, పని తప్పిందని సంతోషించి ముందుకెళ్లిపోయింది.

"అయితే చిక్కేముందమ్మా? మీ వదినకి ఒక్క ఫోను కొట్టు" అన్నాడు మల్లేశ్వరరావు, చొక్కా చెయ్యి పైకి మడుస్తూ.

ఎస్తేరు ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టింది.

చిక్కంతా అక్కడే ఉంది. క్రిస్మస్ నుంచి వదినా ఆడబడుచులకి మాటల్లేవు. ఆ పండక్కి సుప్రియ పెద్ద స్టీలు డబ్బా నిండా ఖుర్మీలు చేసి పంపింది. గోధుమపిండీ బెల్లమూ కలిపి వేయించే ఆ ఛత్తీస్‌గఢీ తీపి ఎస్తేరుకి ప్రాణం. ఆ మరుసటి ఆదివారం చర్చిలో స్త్రీల కూడికకి ఎస్తేరు పాట ఎత్తుకోవాలి. బాణీ ఫోన్లోంచి వినిపించాలి. పాట సగంలో ఉండగా ఫోను బిగుసుకుపోయింది. అందరూ చూస్తున్నారు. సిగ్గుతో ఎస్తేరు మొహం కందిపోయింది, నోరు జారింది. "మా వదిన వాడి పారేసిన ఫోను. ఇంకెలాగుంటాది!" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. వెనక వరసలో ఒక్కరు మాత్రం నవ్వలేదు. తిరిగి చూసేసరికి సుప్రియ పాటల పుస్తకం మూసి లేచి వెళ్లిపోతోంది.

పోట్లాట జరిగి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు అనుకుని నాలుగో రోజుకి కలిసిపోయేవారు. అలాంటిదేమీ జరగలేదు. ఎదురుపడితే ఒకరు ఇటు చూసేవారు, ఒకరు అటు చూసేవారు. శామ్సన్ ఇద్దరి మధ్యా పడి నలిగాడు, తరవాత మానేశాడు. ఖుర్మీలు అయిపోయాయి. డబ్బా మాత్రం ఎస్తేరు వంటింటి అరమీద అలాగే ఉండిపోయింది. ఉత్తదిగా పంపడానికి మనసు ఒప్పదు. ఏదన్నా పెట్టి పంపితే తప్పు ఒప్పుకున్నట్టే. ఒప్పుకోవడానికి నోరు రాలేదు. రోజూ దాని పక్కనుంచే ఉప్పుడబ్బా తీసుకుంటూ, అది కనబడనట్టు నటించింది.

ఇప్పుడు పాస్‌వర్డ్ ఎవరో మార్చారంటున్నాడు ఈ పెద్దాయన. ఎవరో ఏమిటి, వదినే. కావాలనే మార్చి ఉంటుంది. పారేసిన ఫోను అన్నావు గనక పడి ఉండు అనుకుని ఉంటుంది. ఎస్తేరుకి ఒళ్లు మండింది. మరుక్షణంలో, మార్చినా మార్చే హక్కు ఆవిడకి ఉంది కదా అనిపించి మంట చల్లారింది. భయం మాత్రం మిగిలింది.

"బీపీ బాగానే ఉంది బాబాయ్" అంది.

"నాది బాగానే ఉంటాదమ్మా. వెళ్లు. మొహం చూపించకుండా ఆ చుక్కలు రావు."

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికి వచ్చింది. కిరణ్ చెప్పులేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అప్పటికే మార్గమధ్యంలో ఫోను చేసి సంగతంతా చెప్పింది. ఎస్తేరు తిన్నగా వంటింట్లోకి వెళ్లి, అరమీంచి డబ్బా దించి, కడిగి, తుడిచి, పొయ్యి వెలిగించి మూకుడు పెట్టింది.

"ఏటి చేస్తన్నావు?" అన్నాడు కిరణ్ గుమ్మంలోంచి.

"రవ్వ వేపుతన్నాను."

"అరే! సాయంత్రం దాకానే టైము. ఇప్పుడు లడ్లు చుడతావా? దారిలో మిఠాయి కొనీద్దాం, చలో."

"కొన్నది పెట్టి ఇస్తే ఉత్తదిచ్చినట్టే. ఉత్త డబ్బా పట్టుకెళ్లి ఏ మొకంతో నిలబడమంటావు ఆవిడ ముందర?"

కిరణ్ గడియారం చూశాడు, పెళ్లాం మొహం చూశాడు. చెప్పులు విప్పి వచ్చి జీడిపప్పు పలుకులు చెయ్యడానికి కూర్చున్నాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల పొయ్యి సెగ. ఎస్తేరు వేడి రవ్వ చల్లారేదాకా ఆగలేక, అరచేతులు కాలుతున్నా అలాగే చుట్టింది. ఉండలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా వచ్చాయి. డబ్బా నిండలేదు గాని అడుగు కనబడకుండా అయితే వచ్చాయి.

భన్‌పురి దగ్గర ట్రైలర్ లారీలు అడ్డంగా తిరుగుతూ రోడ్డంతా ఆపేశాయి. మోటారుసైకిలు వెనక కూర్చుని, కాలుతున్న డబ్బాని ఒళ్లో పెట్టుకుని, ఎస్తేరు ఏం మాట్లాడాలో వరస వేసుకుంది. ముందు క్షమాపణ చెప్పాలి. తరవాత పని చెప్పాలి. ముందే పని చెబితే, పనుంది గనక వచ్చింది అనుకుంటుంది. పనుంది గనకే వచ్చాను కదా అని తనకే తోచి తల వంచుకుంది. ఇన్ని నెలలూ రానిది ఇవాళ వస్తున్నానంటే ఏ మనిషికైనా అర్థమవుతుంది.

రైల్వే క్వార్టర్ల గేటు దగ్గర కిరణ్ ఆగిపోయాడు. "నేనిక్కడే ఉంటాను. ఇది మీ ఇద్దరిదీ" అన్నాడు.

తలుపు తీసింది సుప్రియే. ఆమె టీచరుగా పనిచేసే స్కూలుకి సెలవులు, ఇంట్లో ఒక్కతే ఉంది. ఎస్తేరుని చూసింది, ఆమె చేతిలో డబ్బాని చూసింది. రెండు చేతులూ చాపి డబ్బా అందుకుంది.

"వేడిగా ఉందే. ఇప్పుడే చేసేవేటి?"

"ఊఁ" అంది ఎస్తేరు. దారంతా వేసుకున్న వరసలోంచి ఒక్క మాట కూడా రాలేదు.

"రేపు పొద్దున్న పరీక్ష పెట్టుకుని ఇవాళ లడ్లు చుట్టుకుంటూ కూర్చున్నావా? పాగల్! లోపలికి రా ముందు, ఎండలో నిలబడిపోయేవు."

ఎస్తేరు కాలు గుమ్మంలోనే ఆగిపోయింది. పరీక్ష సంగతి కిరణ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఈవిడకెలా తెలిసింది? అయితే ఈవిడ ఇక్కడ కూర్చుని తన ఫోన్లోవి చూస్తోందా? ఇన్నాళ్లూ అన్నీ చూస్తూనే ఉందా? చల్లారిన మంట మళ్లీ రాజుకుంది.

"నీకెలా తెలుసు?" అంది. గొంతు గట్టిగానే వచ్చింది.

"ఎలా తెలుసేటి, నువ్వు తెలియజేస్తేనే తెలిసింది." సుప్రియ డబ్బా బల్ల మీద పెట్టి, తన ఫోను తీసి చూపించింది. "జనవరిలో మెయిలొచ్చింది. దరఖాస్తు అందిందని. నాకెందుకొచ్చిందా అని తెరిస్తే నీ పేరు. ఎస్తేరూ, ఒక మాట చెప్పనా? ఆ ఆదివారం నువ్వలాగన్నాక నేను మనిషిని కాలేదు. వంట చేస్తన్నా అదే, పిల్లల కాపీలు దిద్దుతున్నా అదే. నలుగుర్లో అంత మాటందని. తరవాత ఈ మెయిలు చూసేను. నోటితో ఏదో అనీసింది గాని, ఇంత పెద్ద పనికి నా అడ్రసే ఇచ్చుకుంది, పరాయిదాన్ననుకుంటే ఇస్తాదా అనుకున్నాను. బస్, కోపం అక్కడికి పోయింది. పలకరిద్దామని రెండుసార్లు వచ్చేను కూడా. నువ్వే మొకం తిప్పుకుని పోయేవు."

ఎస్తేరు నోరు తెరిచింది. ఆ అడ్రసు నేనివ్వలేదు వదినా, ఫోను తనంతట తనే నింపేసింది, అది నీదన్న ఆలోచనే నాకు రాలేదు. మాట నాలుక చివరదాకా వచ్చింది. ఎదురుగా సుప్రియ కళ్లు తడిగా ఉన్నాయి. ఆ నాలుగు అక్షరాలు పట్టుకుని ఈ మనిషి ఇన్ని నెలలు తనని క్షమిస్తూ కూర్చుంది. తనేమో అరమీద డబ్బా కనబడనట్టు నటిస్తూ కూర్చుంది. ఎస్తేరుకి తన మీద తనకే అసహ్యం వేసింది. నిజం చెప్పడం కంటే ఇప్పుడు చెయ్యాల్సిన పని వేరే ఉందనిపించింది.

"ఇంకెవరిదిస్తాను వదినా?" అంది.

తరవాత ఏడుపు వచ్చేసింది. "ఆ రోజు నోరు జారేను. అది పారేసిన ఫోనని కాదు. పాట ఆగిపోయీసరికి సిగ్గేసి, ఆ సిగ్గు నీ మీదకి తోసీసేను. ఈ డబ్బా చూసినప్పుడల్లా రావాలనిపించీది. రాలేకపోయేను."

"పాత ఫోనే కదా మరి, ఆగదేటి? నా దగ్గరున్నప్పుడే ఆగీది" అంది సుప్రియ ముక్కు తుడుచుకుంటూ. "ఆ సంగతి నీకు చెప్పకుండా ఇచ్చేను, చూడు, అది నా తప్పు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో ఎస్తేరుకి గడువు గుర్తొచ్చి పైప్రాణాలు పైనే పోయాయి. గబగబా చెప్పింది: చుక్కలు రావడం లేదని, కార్డు అందలేదని, ఈ సాయంత్రంతో ఆఖరని. సుప్రియ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో రామచంద్రా!" అంది. మూడు తరాల క్రైస్తవ కుటుంబం వాళ్లది. అయినా కంగారు పడితే ఆ మాటే వస్తుంది. "నీవి నా అకౌంట్లో ఉన్నాయని నాకేటి తెలుసు! సెలవులిచ్చే ముందర మా స్కూల్లో ఒక టీచరు అకౌంటు ఎవడో కాజేసేడు. ప్రిన్సిపాల్ మేడమ్ అందర్నీ కూర్చోబెట్టి పాస్‌వర్డ్‌లు మార్పించింది. అందుకా నీది ఆగిపోయింది!"

ఎస్తేరు తన అనుమానాన్ని మింగేసింది.

"మరి బుధవారం కార్డు వచ్చిందని నీకు మెయిలు రాలేదా?" అని అడిగింది.

సుప్రియ వేలితో చూపించింది. అడ్మిట్ కార్డు వచ్చిందన్న ఆ మెయిలు తెరవకుండా అలాగే ఉంది. వేరేవాటిలో కలిసిపోకుండా పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ఉంది. "మొదటిది తెలియక తెరిచేను. ఇది నీదని తెలుసు కదా, ఎలా తెరుస్తాను? నీ ఫోనుకీ వచ్చుంటాది, తీసుకునుంటావులే అనుకున్నాను. తరవాత పాస్‌వర్డ్ మార్చుకునే లింకులొచ్చేయి గాని, స్కూల్లో అలాగయ్యేక దొంగవేమోనని ముట్టుకోలేదు. పైమాటలే చదివేను, పరీక్ష ఎప్పుడో అందులో ఉంది."

ఆమె ఎస్తేరు ఫోను తీసుకుని, ఆ ఎర్ర గుర్తు మీద నొక్కి, కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది, ఆగింది. ఎస్తేరు మనసులో ప్రార్థన మొదలుపెట్టి, అది ముగిసేలోపు కళ్లు తెరిచి సైటులోకి వెళ్లింది. పాస్‌వర్డ్ గడి మీద వేలు పెట్టింది. ఒక వరస నల్ల చుక్కలు వచ్చి కూర్చున్నాయి.

"వచ్చీసేయి!" అని ఎస్తేరు అరిచిన అరుపుకి గేటు దగ్గర ఉన్న కిరణ్ కూడా లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

కార్డు తెరుచుకుంది. అందులో ఫోటోలో ఎస్తేరు ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తోంది. కాలనీ గేటు బయట జిరాక్సు దుకాణంలో దాన్ని ప్రింటు తీయించుకుని వచ్చేందుకు కిరణ్ వెళ్లాడు. ఒకటి చాలదు, రెండు తియ్యి, ఒకటి మా దగ్గరుంటుంది అని సుప్రియ వెనకనుంచి కేకేసింది. తరవాత లడ్డూ ఒకటి తీసి కొరికి, "పాకం లేదు, నెయ్యి తక్కువ, బాగుంది" అంది.

"ఇప్పుడింకో పని" అంది లడ్డూ ముగించి. "రేపెప్పుడో నా పాస్‌వర్డ్ మళ్లీ మారుస్తాను, నీవన్నీ మళ్లీ ఆగిపోతాయి. ఉద్యోగం వచ్చేకా కాగితాలన్నీ నా మెయిల్‌కే వస్తాయా? నీ పేరుమీద ఒక అకౌంటు తెరుచుకో. నీవన్నీ అందులోకి మార్చీద్దాం. మీ అమ్మ వీడియో, పాటలు, ఫోటోలు ఏవీ పోవు, నేను చూస్తాను కదా."

ఉద్యోగం వచ్చాక అన్న మాటని సుప్రియ ఎంత మామూలుగా అనేసిందో ఎస్తేరు గమనించింది. ఆ మాట ఇంకెవరి నోటా ఇంతవరకూ వినలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని కోరిక అప్పుడు చెప్పింది. నాన్నలాగ కాలనీ అంతా తిరిగి తలుపులు తట్టాలని. సుప్రియ నవ్వలేదు. "మా తలుపు మొదట తట్టాలి మరి" అంది.

ఎస్తేరు తన పేరుతో అకౌంటు తెరిచింది. ఈసారి ఫోను చూపించిన పాస్‌వర్డ్ వద్దని, తనకి గుర్తుండేది తనే ఆలోచించి పెట్టుకుంది. ఆఖరున ఇంకో గడి వచ్చింది: ఎప్పుడైనా పాస్‌వర్డ్ మరిచిపోతే, మీకు సాయం పంపడానికి మరొకరి మెయిల్ అడ్రసు ఇవ్వండి. గడి మీద వేలు పెట్టగానే ఫోను ఉత్సాహంగా సుప్రియ అడ్రసు కింద చూపించింది. ఒక్కసారి తాకితే చాలు, నింపేస్తుంది.

ఎస్తేరు తాకలేదు. దాన్ని పక్కకి తోసేసి, అక్షరం వెనక అక్షరం తనే కొట్టడం మొదలుపెట్టింది. కాలిన వేళ్లతో నెమ్మదిగా, మధ్యలో ఒకటి తప్పుపడితే చెరిపి, మళ్లీ కొట్టి, చివరిదాకా రాసింది.

పక్కనుంచి తొంగి చూసిన సుప్రియ, "మళ్లీ నాదే ఎందుకే? కిరణ్‌ది పెట్టుకోవచ్చు కదా" అంది.

"ఇంకెవరిదిస్తాను వదినా?" అంది ఎస్తేరు. గంట కిందట కూడా ఇదే మాట అంది. అప్పుడది నిజం కాదు, ఇప్పుడు నిజం.

చీకటి పడకముందే బయల్దేరారు. పొద్దున్నే నయా రాయపూర్ దాకా తనూ వస్తానని సుప్రియ మాట ఇచ్చింది. మోటారుసైకిలు ఎక్కుతుంటే ఎస్తేరు చేతికి డబ్బా తిరిగొచ్చింది. కాస్త బరువుగానే ఉంది. ఏం పెట్టావు వదినా అని మూత తియ్యబోతే, ఇంటికెళ్లి చూసుకో అని సుప్రియ మూత మీద చెయ్యేసి నొక్కింది.